మనవడి బుగ్గలు చూసి మురిసిపోయాం: అధికారులకు, మందుల షాపుల వారికి, డాక్టర్లకు గుంటూరు నుంచి బహిరంగ లేఖ

మందుల అమ్మకాల మీద అజమాయిషీ ఉన్న అధికారులకు, మా గుంటూరు, విజయవాడ మందుల షాపుల యజమానులకు, పిల్లల డాక్టర్లకు, కాన్పుల డాక్టర్లకు నమస్కారం.

నేను గుంటూరులో ఇంటి దగ్గరే మిషన్ కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషిని. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు వల్ల మా మనవడు పడ్డ బాధ మీద ఇప్పటికి రెండుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిసారి రసీదు ఇచ్చారు, రెండోసారి అదీ లేదు. ఫోన్ చేస్తే "చూస్తామమ్మా" అన్నారు. ఐదు నెలలైంది, ఎవరూ చూడలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను. ఆ షాపు పేరు గానీ, నేను తిరిగిన ఆఫీసు పేరు గానీ ఇక్కడ పెట్టను. ఒక్క షాపు మూయించినంత మాత్రాన తీరే గొడవైతే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్నే కాదు.

ముందు జరిగింది చెప్తాను.

మా అమ్మాయి పోయిన వేసవిలో పురుటికి వచ్చింది. మగపిల్లాడు, మూడు కిలోల వంద గ్రాములు. నెల నిండేసరికి మే ఎండలు, ఇంట్లో ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉంది, డైపర్ వేసినచోట తొడల సందుల్లో పిల్లాడికి ఎర్రగా ఒరుసుకుపోయింది. కొబ్బరినూనె రాశాం, తగ్గలేదు. రాత్రి పదింటికి మా వీధి చివర మందుల షాపుకి నేనే వెళ్లాను. "బాబూ, పసిపిల్లాడికి డైపర్ దగ్గర ఎర్రగా అయింది" అన్నాను. ఎన్నాళ్ల పిల్లాడని కౌంటర్లో కుర్రాడు అడగలేదు. వెనక్కి తిరిగి ఒక ట్యూబు తీసి "రోజుకి మూడుసార్లు రాయండి ఆంటీ, రెండ్రోజుల్లో మాయం" అన్నాడు. బిల్లు అడిగితే "ఇంత చిన్నదానికి బిల్లెందుకు ఆంటీ" అన్నాడు.

అన్నట్టే రెండ్రోజుల్లో మాయమైంది. ఆపిన నాలుగో రోజుకి మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాం. అలా నెలా పది రోజులు, రెండు ట్యూబులు అయిపోయాయి. ఈలోగా పిల్లాడి బుగ్గలు పూరీల్లా పొంగాయి. చూడొచ్చినవాళ్లందరూ ముద్దు చేసేవాళ్లే. మా వియ్యపురాలైతే "మీ ఇంటి నీళ్లు బాగా పడ్డాయి వదినగారూ" అని సంబరపడింది. నేను రోజూ సాయంత్రం ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీశాను. నుదుటి మీద, వీపు మీద నూగు పెరిగింది, పుట్టువెంట్రుకలే కదా, నలుగు పెడితే పోతాయిలే అనుకున్నాను.

రెండున్నర నెలల టీకాకి తీసుకెళ్తే పిల్లల డాక్టరమ్మ బరువు చూడకముందే మొహం చూసి "ఒంటికి ఏమైనా క్రీమ్ రాస్తున్నారా?" అని అడిగింది. అల్లుడు ఇంటికి పరిగెత్తి ట్యూబు తెచ్చాడు. అందులో క్లోబెటసాల్ ఉంది, ఒంటికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన రకం. దాంతోపాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా ఒకే ట్యూబులో కలిపి ఉన్నాయి. మేం మురిసిపోయిన ఆ బుగ్గలు ఆరోగ్యం వల్ల వచ్చినవి కావు, స్టెరాయిడ్ వల్ల వచ్చిన వాపు. రక్తపరీక్ష చేస్తే, కిడ్నీల పైన ఉండే గ్రంథులు తయారు చేయాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ బాగా తక్కువ ఉందని తేలింది. బయటి నుంచి స్టెరాయిడ్ రోజూ అందుతుంటే ఒంట్లో గ్రంథులు తమ పని మానేస్తాయట, ఆ స్థితిలో పిల్లాడికి గట్టిగా జ్వరమో విరేచనాలో వస్తే ఒళ్లు తట్టుకోలేదట. అలాగని ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. నెలల తరబడి తిరిగాం. ఇప్పుడు బాగున్నాడు, పాకుతున్నాడు. కానీ మా అమ్మాయి ఈ రోజుకీ వాడి బుగ్గలు ముట్టుకుని చూసుకుంటుంది, మళ్లీ వాచాయేమోనని.

ఆ ట్యూబు మీద "డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాలి" అని ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఆ తర్వాత నేను తెలిసినవాళ్లని, డాక్టర్లని, ఒకరిద్దరు మంచి ఫార్మసిస్టులని అడిగి తెలుసుకున్నవి, మా చుట్టుపక్కల కళ్లారా చూసినవి ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. పసిగుడ్డు ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న సైజు కాదు. మందు లెక్కే వేరు. చర్మం పల్చన. ఒంటి బరువుతో పోల్చి చూస్తే చర్మం పెద్దవాళ్లకంటే ఎక్కువ, కాబట్టి రాసిన మందు లోపలికి ఎక్కువ ఇంకుతుంది. పైన డైపర్ బిగిస్తే పట్టీ వేసి కట్టినట్టే, ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. కాలేయం, కిడ్నీలు ఇంకా పూర్తిగా పనిలో పడి ఉండవు, లోపలికెళ్లిన మందు తొందరగా బయటికి పోదు. 1950ల చివర్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన పసిబిడ్డలు బూడిదరంగుకి తిరిగి చనిపోయారు, దానికి గ్రే బేబీ సిండ్రోమ్ అనే పేరే ఉంది, కారణం వాళ్ల కాలేయం ఆ మందుని వదిలించుకోలేకపోవడమే. పచ్చకామెర్లున్న పసివాళ్లకి సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్‌లు) పడితే ఆ పసుపు మెదడుకెక్కే ప్రమాదం ఉంది. మందు కాకపోయినా ఇంకో మాట ఇక్కడే చెప్పాలి: పురిటి బట్టలు, పాత చీరల బొంతలు కలరా ఉండలు వేసిన బీరువాలోంచి తీసి అలాగే పిల్లలకి వాడకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. మా అమ్మ అలా వాడింది, నేనూ వాడాను, ఎవరూ చెప్పలేదు.

2. అదే ట్యూబు పెద్దవాళ్లని ఏం చేస్తోందో చూడాలంటే మా ఊరి మిర్చి యార్డు దాకా వెళ్తే చాలు. పొద్దున్నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే కూలీలు, చెమటకి గజ్జల్లో, నడుం దగ్గర లుంగీ కట్టేచోట తామర. యార్డు పనికి వెళ్లే మా ఎదురింటి అబ్బాయి రెండేళ్లు ఈ రకం ట్యూబులు రాశాడు. దురద ఆ పూటకి ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. చివరికి తామర గుండ్రంగా అంచు కట్టి కనబడే రూపమే పోయి, డాక్టర్లు కూడా ఒక్క చూపుకి గుర్తుపట్టలేని తీరుకి వచ్చింది. తొడల లోపల చర్మం చీరికలు పడింది, ప్రసవమైన ఆడవాళ్ల పొట్ట మీద చారల్లాంటివి. అవి ఇక జన్మలో పోవని చెప్పారు. ఇంట్లో భార్యకి, పిల్లలకి కూడా అంటుకుంది, మొత్తం నలుగురికి నెలల తరబడి మాత్రలు. కూలి డబ్బులు దేనికని సరిపోతాయి?

మొహానికి రాసేవాళ్ల బాధ వేరు. మంగు మచ్చలకనీ, పెళ్లికి ముందు తెల్లబడాలనీ ఆడపిల్లలు ఫ్రెండ్ చెప్పిందని కొనుక్కుంటారు. స్టెరాయిడ్, మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొటిమల మందు ట్రెటినాయిన్ మూడూ కలిసిన క్రీములవి. మొదటి నెల మొహం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు, ఎండలోకి వస్తే మంట. మానేద్దామంటే మానిన వారానికే మొహం ఎర్రగా మండిపోతుంది కాబట్టి భయపడి మళ్లీ రాస్తారు. చర్మ డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని ఏ మినహాయింపూ లేకుండా షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. రూలు వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా నా చేతికి చీటీ లేకుండా ట్యూబు వచ్చింది.

3. మందు పడకపోవడం. మా ఆయనకి కింది పెదవి మీద రూపాయి బిళ్ళలో సగమంత నల్లమచ్చ. సిగరెట్ల వల్లేనని అందరం ఆయన్ని తిట్టాం, నేనే ఎక్కువ తిట్టాను. నిజానికి విరేచనాలైనప్పుడల్లా షాపులో కొని వేసుకునే మాత్ర వల్ల అది. వేసుకున్న రోజే అదే చోట మంట, పొక్కు, తర్వాత మచ్చ ఇంకాస్త నలుపు. టినిడజోల్, ఆర్నిడజోల్ లాంటి వాటితోను, కొన్ని నొప్పి మాత్రలతోను ఇలా వస్తుంది, ప్రతిసారీ అదే చోట. ఒక్కసారి ఎవరైనా అడిగి ఉంటే ఆరేళ్ల కిందటే తేలేది.

ఇది చిన్నది. పెద్దది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, మందు పడక ఒంటి మీద చర్మమే ఊడొచ్చే జబ్బు. ఫిట్స్ మాత్రలు కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా యాంటీబయాటిక్‌లు, వీటిలో ఏదైనా కొత్తగా మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి రెండు నెలల లోపు జ్వరం, గొంతునొప్పి, కళ్లమంట, నోట్లో పుళ్లు వచ్చి, చర్మం ముట్టుకుంటే నొప్పి పుట్టి బొబ్బలు లేస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ మందు ఆపి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ముదిరి ఒంట్లో మూడో వంతు చర్మం ఊడిపోయే దశకి వస్తే ముగ్గురిలో ఒకరు బతకడం కష్టం. మన దగ్గర ఏం జరుగుతోందంటే, జ్వరం, దద్దుర్లు అనగానే ఆటలమ్మ అనుకుని వేపమండలు కట్టి ఇంట్లో పడుకోబెడుతున్నారు, లేదా షాపుకెళ్లి ఇంకో యాంటీబయాటిక్ తెస్తున్నారు. నెలసరి నొప్పికి ఆడపిల్లలు అలవోకగా వేసుకునే మెఫనామిక్ యాసిడ్ మీద కూడా 2023 చివర్లో మందుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది, కొందరిలో జ్వరం, దద్దుర్లతో మొదలై కాలేయం లాంటి లోపలి అవయవాల దాకా పాకే రియాక్షన్ వస్తోందని. మా వీధిలో ఆ మాట విన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

4. సిరప్పులు, డ్రాప్స్. జ్వరం మందు పారాసిటమాల్ డ్రాప్స్‌లో మామూలుగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్పులో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125. అంటే డ్రాప్స్ దాదాపు నాలుగు రెట్లు ఘాటు. సిరప్పు అయిపోయిందని అదే కొలతకి డ్రాప్స్ పోస్తే ఏమవుతుందో చూడండి. పైగా మనం వంటింటి చెంచాతో కొలుస్తాం, ఉగ్గుగిన్నెతో పోస్తాం. రెండు నెలల లోపు పిల్లలకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్రం సిరప్పు వెతుక్కోకూడదు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

దగ్గు, జలుబు మందుల సంగతి అందరికీ తెలిసిందే అయినా రాయక తప్పదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో దగ్గు సిరప్పు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉంది, ఉండొచ్చన్న హద్దు 0.1 శాతం. ఆ అక్టోబరులోనే కేంద్రం రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా అవసరమే లేదని చెప్పింది. అంతకుముందు 2023లోనే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందుల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని ముద్రించమన్నారు. జ్వరానికి, నొప్పులకి వాడే నిమెసులైడ్‌ని 12 ఏళ్ల లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. ఇన్ని కాగితాలు ఢిల్లీలో ఉన్నాయి. మా వీధి కౌంటర్ మీద ఒక్కటీ లేదు.

5. కడుపుతో ఉన్నవాళ్లు, బాలింతలు. నడుం నొప్పి అనగానే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇస్తారు. ఐదో నెల దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గిపోవచ్చు, నెలలు నిండే దగ్గర బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. డాక్టర్ రాసిన చిన్న డోసు ఆస్పిరిన్ వేరు, అది మానకండి. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ వేసుకుంటున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత ఇంకో నెలా గర్భం రాకూడదు, బిడ్డకి అవకరాలు వస్తాయి. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ కూడా బిడ్డ వెన్నుకి, మెదడుకి మంచిది కాదు, కానీ ఈ మాట విని భయపడి మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు, ఫిట్స్ వస్తే తల్లీబిడ్డా ఇద్దరికీ ముప్పు, పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోవాలి. భయం ఎంత దూరం పోతుందో కూడా చూశాను. పాలిస్తున్నానని థైరాయిడ్ మాత్రలు మానేసిన అమ్మాయి, బీపీ మాత్రలు మానేసిన అమ్మాయి, ఇద్దరూ మా బజారులోనే ఉన్నారు. పాలిచ్చే తల్లులు వాడుకోగలిగిన మందులే ఎక్కువ, ఏది పనికొస్తుందో చెప్పే మనిషే దొరకడం లేదు.

ఇక మీరు చేయాల్సినవి.

అధికారులకు: చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబులు ఇస్తున్నారా లేదా తెలుసుకోవడానికి యూనిఫాం లేకుండా ఒక మనిషిని పంపితే సాయంత్రానికి తెలిసిపోతుంది. షాపు ఎన్ని ట్యూబులు కొన్నదో, ఎన్ని చీటీల మీద అమ్మిందో పక్కపక్కన పెట్టి చూడండి. షెడ్యూల్ హెచ్1 (హెచ్ కన్నా గట్టి అదుపు ఉన్న జాబితా) మందులకి డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలని రూలు ఉంది కదా, బలమైన స్టెరాయిడ్ పూతమందుల్ని కూడా ఆ రిజిస్టర్లోకి తెమ్మని పైకి రాయండి. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం మందు చేతికివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. సర్టిఫికెట్ గోడకి వేలాడుతూ మనిషి ఎక్కడో ఉంటే ఎలా? ఫొటో, పేరు, ఆ పూట ఉన్నారా లేదా అన్నది కౌంటర్ దగ్గర కనబడాలి. తెలుగులో ఒక స్టిక్కర్ వేయించండి: "పసిపిల్లలకు, ముఖానికి, గజ్జలకు డాక్టర్ చెప్పకుండా రాయవద్దు." అర్జీ ఇస్తే 30 రోజుల్లో ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పండి. మందు వికటిస్తే ఎవరైనా, రోగులైనా ఫోన్ చేసి చెప్పుకునే టోల్ ఫ్రీ నంబర్ ఒకటుంది, 1800-180-3024, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియాది. ఆ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. నాకు నా మనవడి గొడవయ్యాక తెలిసింది. ప్రతి షాపులో, ప్రతి ఆసుపత్రి ఓపీ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

షాపుల వారికి: "మేం ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారమ్మా" అని మీరు నాతోనే అన్నారు. ఆ కష్టం నాకు అర్థమవుతుంది, వ్యాపారం చేసే ఇంట్లోనే పుట్టాను. అందుకే ఒక్కొక్కరిని కాదు, మీ సంఘాన్ని అడుగుతున్నాను, ఊరంతా ఒకే మాట మీద ఉండండి. మందు చేతికిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎవరికి, ఎంత వయసు? కడుపుతో ఉన్నారా, పాలిస్తున్నారా? ఇంతకుముందు ఏ మందైనా పడలేదా? అర నిమిషం పట్టదు. ఆ రాత్రి మొదటి ప్రశ్న ఒక్కటి అడిగినా నా మనవడికి ఆ ట్యూబు వచ్చేది కాదు. షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క మాకు రాకుండా పోతోంది, అవి రాసి ఇవ్వండి. బిల్లు అడక్కుండానే ఇవ్వండి.

డాక్టర్లకు: మందు పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే అప్పటి మీ మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. క్రీమ్ రాస్తే ఎక్కడ, ఎంత, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి, నాలుగూ రాయండి. "రెండు పూటలా" అని రాసి వదిలేస్తే మేం ఆ చీటీ దాచుకుని ఏడాదంతా కొంటాం, పక్కింటివాళ్లకీ ఇస్తాం. పడని మందు ఏదైనా తేలితే పర్సులో పెట్టుకునే సైజు కార్డు మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసివ్వండి, మా ఆయన అలాంటి కార్డే ఇప్పుడు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. డిశ్చార్జి రోజున బాలింతకి, ఆమె తల్లికి, అత్తకి కలిపి ఒక్క పది నిమిషాలు ఈ విషయాలు చెప్పించండి. ఇంట్లో పిల్లాడికి మందు రాసేది, పోసేది ఎక్కువగా అమ్మమ్మలు, నాయనమ్మలే.

అర్జీ రసీదు, రెండు ఖాళీ ట్యూబులు, టీకా నాటి చీటీ, రక్తపరీక్ష కాగితం అన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచాను. ట్యూబుల మీద బ్యాచ్ నంబర్ ఇంకా చదవడానికి వస్తోంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకొచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, గుంటూరు